ఎదురు నడక

చింతపండు కొనడానికి వచ్చినవాళ్ళు ముందు బెల్లం ధర అడుగుతారు. కావలసిన సరుకు వైపు చూపు పోనివ్వకుండా పక్క సరుకును ఎత్తి దించి, వాసన చూసి, పెదవి విరిచి, వెళ్ళిపోతున్నట్టే వెళ్ళి వెనక్కి తిరిగి, "సర్లే, ఈ చింతపండు ఎలాగిస్తన్నావు?" అంటారు. అవసరం బయటపడితే ధర పెరుగుతుంది. బేరానికి అది మొదటి సూత్రం. గంగాభవాని ఆ సూత్రాన్ని కాపురానికి కూడా వాడుకుంది. రాయపూర్ రైల్వే క్వార్టర్లకు వచ్చిన నాటి నుంచి, మొగుడు గూడ్సు బండి మీద టిట్లాగఢ్ వైపు వెళ్ళినప్పుడల్లా గుమ్మంలో నిలబడింది గాని, మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగింది లేదు. గూడ్సు గార్డుకు తిరిగొచ్చే వేళ తనకే తెలియదు. అమ్మేవాడికే తెలియని ధర అడిగి లాభమేముంది?

ఇప్పుడు ఆ మొగుడు పెరట్లో ఆమెకు ఎదురుగా నిలబడి, ఆమె రెండు చేతులూ పట్టుకుని ఉన్నాడు.

"ఎయ్యండి అడుగు," అంది గంగాభవాని.

సత్తిరాజు ఎడమ కాలు ఎత్తాడు. వేసవిలో పక్షవాతం వచ్చి ఆ పక్కంతా పడిపోయింది. ఇప్పుడు కార్తీకమాసపు చలి. కాలు లేస్తోంది గాని, లేచిన కాలు ఎక్కడ దిగాలో దానికే తెలియనట్టు గాలిలో ఒక క్షణం తడుముకుని కింద పడుతోంది. అతను ముందుకు వేసినప్పుడల్లా గంగాభవాని వెనక్కి ఒక అడుగు వేసింది. మొగుడి వెనక నడవడం తప్ప మరో నడక నేర్వని మనిషికి అతని ఎదురుగా, అతని మొహం చూస్తూ, వెనక్కి నడవడం మొదట్లో సిగ్గుగా ఉండేది. తన వెనక ఏముందో ఆమెకు కనపడదు. చూసి చెప్పవలసింది అతనే.

"రాయి ఉంది. కుడికి జరుగు. ఇంకొంచెం. బస్."

ఆమె జరిగింది. పడబోయే మనిషికి ఆసరా ఆమె. ఆ ఆసరాకు కళ్ళు అతను.

పిట్టగోడ అవతల నుంచి సూరమ్మ తొంగి చూసింది. పక్క క్వార్టరులో ఫిట్టరు భార్య. పొయ్యి రాజేసి, అది అంటుకునేలోగా ఈ వినోదం చూడడం ఆమెకు అలవాటైంది.

"ఓలమ్మో! మాకు పెళ్ళిపీటల మీద కూడా ఇంతసేపు సెయ్యి పట్టనేదే గంగొదినా!"

"మీ ఆయన్ని పిలవమంటావేటి వొదినా?" అన్నాడు సత్తిరాజు, కళ్ళు భార్య అడుగుల మీద నుంచి తియ్యకుండా.

"ఆయనా? ఆయన సెయ్యి పట్టుకుంటే గ్రీజు ఒదలదు బాబూ. అది సరే, పావురం కూర ఎట్టినావా లేదా? వాతానికి దాన్ని మించింది లేదని నెత్తీ నోరూ కొట్టుకుంటన్నాను."

"నర్సమ్మ అక్కర్లేదంది," అంది గంగాభవాని.

"నర్సమ్మకేటి తెలుసు, మొగుడా పిల్లలా!"

ఆ మాట పూర్తి కాకుండానే నర్సు అన్నమ్మ సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చింది. సూరమ్మ నాలుక కరుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది. అన్నమ్మది రాజమండ్రి వైపు. యుద్ధకాలంలో కాళ్ళు దెబ్బతిన్న సిపాయిలను మళ్ళీ నడిపించే ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. ఇప్పుడు ఇక్కడ మిషను ఆసుపత్రిలో ఉద్యోగం. వారానికోసారి ఇటు వచ్చి చూసిపోతుంది. వాతం వచ్చిన మనిషిని మంచం దించకూడదని ఇరుగుపొరుగంతా అంటుంటే, దించి నిలబెట్టింది ఆవిడే.

"రెండు పాదాలూ దగ్గరగా పెట్టండి గార్డుగారూ. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. అమ్మా, మీరు చేతులు వదిలెయ్యండి. దూరం పోకండి."

సత్తిరాజు కళ్ళు మూశాడు. మొదట ఏమీ కాలేదు. తరవాత అతని ఎడమ పాదం వేళ్ళు ముడుచుకుని, మట్టిని గోళ్ళతో పట్టుకున్నాయి. ఆ వెనకే భుజం వాలింది, మనిషి పక్కకు తూలాడు. గంగాభవాని చేతులు చాచింది. అతను ఆమె భుజాన్ని దొరకబుచ్చుకున్నాడు.

"చూశారా ఆ వేళ్ళు?" అంది అన్నమ్మ. "మనిషి తూలకముందే అవి నేలను పట్టుకుంటాయి. కావాలని చెయ్యడం కాదు, వద్దన్నా ఆగవు. మీరు ఆయన మొహం చూస్తున్నారు. మొహం చూడకండి, వేళ్ళు చూడండి. అవి ముడుచుకోకపోతే మనిషి పడడు. అప్పుడు మీరు పట్టుకోనక్కర్లేదు."

తరవాత అసలు సంగతి చెప్పింది. సోమవారం బిలాస్‌పూర్ నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడు. సుద్దగీత మీద నడిపిస్తాడు. పాదాలు జోడించి, కళ్ళు మూయించి నిలబెడతాడు. నెగ్గితే మళ్ళీ గూడ్సు చివర బ్రేకువ్యాను, లైను డ్యూటీ. నెగ్గకపోతే ఇక్కడే పార్సిలాఫీసులో కుర్చీ పని. గ్రేడు తగ్గుతుంది, మైలేజీ భత్యం పోతుంది.

"గార్డన్నవాడు కళ్ళు మూసుకుని పని సేస్తాడేటమ్మా?" గోడ అవతల నుంచి సూరమ్మ గొంతు వచ్చింది. "కళ్ళు మూసుకుంటే ఉద్యోగం పీకేత్తారు గదా!"

అన్నమ్మ నవ్వాపుకుంటూ సైకిలెక్కింది. సత్తిరాజు నవ్వలేదు. మళ్ళీ పాదాలు జోడించి నిలబడి, భార్య వైపు చేతులు చాచాడు.

శుక్రవారం సాయంత్రం గంగాభవాని వరండాలో చాప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పార్వతీపురం నుంచి ఆమె తమ్ముడు వేసే బుట్టలు విజయనగరం పాసింజరులో వస్తాయి. రైల్వే క్వార్టర్లలో ఉన్న తెలుగువాళ్ళందరికీ పులుపు ఆమె వరండాలోంచే వెళ్ళాలి. కత్తిపీట మీద కాయను చీల్చి, వేలితో గింజను పక్కకు నెట్టి, ఈనె లాగి, పండును ఉండ చేసి పెట్టడం చూడకుండానే సాగిపోతుంది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె మనసులో లెక్కలు వేసుకుంటుంది. ఇవాళ లెక్క చింతపండుది కాదు.

వేసవికి ముందు ఈ ఇంట్లో మొగుడు ఉన్న పూటలు ఏమున్నాయి? రావడం, స్నానం చెయ్యడం, తినడం, పడుకోవడం. డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి సైకిలు గంట కొట్టగానే చొక్కా తొడుక్కుని పోవడం. ఉన్నప్పుడు కూడా సగం మనిషి పట్టాల మీదే ఉండేవాడు. ఆ వాతం ఎడమ పక్కను తీసుకుని, మిగిలిన మనిషిని మొత్తంగా ఇంటికి ఇచ్చింది. పాపపు లెక్కే. ఎవరితోనైనా అంటే చెప్పుచ్చుకుని కొడతారు. అయినా లెక్క లెక్కే. పొద్దున్నే పెరట్లో ఆ రెండు చేతులు తన చేతుల్లోకి వచ్చే క్షణం కోసం తెల్లవారకముందే మెలకువ వస్తోందన్నది కూడా ఆ లెక్కలోదే.

అతను పరీక్ష నెగ్గకుండా ఉండడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. రేపూ ఎల్లుండీ కళ్ళు మూసుకునే పని కాస్త తగ్గిస్తే చాలు. ఇవాళ చలిగా ఉందనో, అలిసిపోయారనో అంటే సరి. తక్కెడ మీద చిటికెన వేలు ఆనించినంత పని. ఎవరికీ కనపడదు.

స్టేషను వైపు నుంచి పొడుగ్గా కూత వినిపించింది. నులక మంచం మీద కూర్చుని కాలికి ఆముదం రాసుకుంటున్న సత్తిరాజు చెయ్యి ఆగిపోయింది. తల అటు తిప్పాడు.

"డ్రైవరు దానయ్య బండి," అన్నాడు. "వాడి కూతే అంత. ముసలమ్మ ఏడుపులాగ సాగదీస్తాడు. ఈపాటికి ఆరంగ్ దాటాల. లేటు."

కూత ఆగిపోయిన తరవాత కూడా అటే చూస్తూ కూర్చున్నాడు. గంగాభవాని అతని మెడను చూసింది. ఆ మెడ తిరిగిన తీరులోనే తెలిసిపోతోంది, మనిషికి ఏది కావాలో. ఆమె గింజలు ఊడ్చి, చేతులు కడుక్కుని లేచింది.

"రండి. పొద్దు కూకలేదింకా. మరోసారి కళ్ళు మూసి నిలబడదురు గాని."

"పొద్దున సేసినాను గదే."

"సోమారం డాక్టరు పొద్దున సేసినావా అని అడగడు. లెగండి."

అతను విచిత్రంగా ఆమె మొహంలోకి చూశాడు. చీకటి పడేదాకా ఆమె అతన్ని పెరట్లో నిలబెట్టింది. తూలినప్పుడల్లా పట్టుకుంది, పట్టుకుని మళ్ళీ నిలబెట్టింది. తూకంలో ఇంతవరకూ ఎవరినీ మోసం చెయ్యలేదు. మొగుడితో మొదలుపెట్టదలుచుకోలేదు.

శనివారం మధ్యాహ్నం బుట్టలు దింపుకోవడానికి స్టేషనుకు వెళ్ళింది. రోజూ ఆ వేళకు ఆమె గోల్ బజారు తిరిగి, పాత బాకీలు గుర్తుచేసి, ఆలస్యంగా ఇంటికి వస్తుంది. ఆ రోజు బండి తొందరగా రావడంతో బజారు మానేసింది. హమాలీ బిసాహూ బుట్టను తలగుడ్డ మీదికి ఎత్తుకుంటూ, గూడ్సు షెడ్డు వైపు గడ్డంతో చూపించి ఛత్తీస్‌గఢీలో అన్నాడు.

"ఏం దాయీ, గార్డు బాబును తీసుకుపోవడానికి వచ్చావా? ఆయన అటున్నాడు."

"ఆయనిక్కడెందుకుంటారు? ఇంటి దగ్గర కదా."

"రోజూ వస్తాడు కదా! నీకు తెలియదా?"

షెడ్డు వెనక సరుకు దిగని పాత ప్లాట్‌ఫారం ఒకటి ఉంది. గంగాభవాని మూటల చాటున నిలబడి చూసింది. సత్తిరాజు చెప్పులు విడిచి, ప్లాట్‌ఫారం రాళ్ళ అతుకు వెంబడి నడుస్తున్నాడు, ఒక మడమ ముందు రెండో పాదం వేలు ఆనించి. చేతుల్లో కర్ర లేదు. పక్కన గోడ లేదు. చివరిదాకా వెళ్ళి, తిరిగి, పాదాలు జోడించి కళ్ళు మూసుకున్నాడు. పక్క లైనులో ఖాళీ వ్యాగన్లు ఒకదాన్నొకటి ఢీకొంటూ కదిలాయి. నేల అదిరింది. అతను అదరలేదు. అలాగే నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని, కదిలే బ్రేకువ్యానులో నిలబడ్డవాడిలాగ.

ఆమెకు ముందు కడుపు నిండినట్టయింది. మనిషి బాగుపడ్డాడు. ఆ వెంటనే ఖాళీ అయినట్టయింది. నా చెయ్యి లేకుండానే బాగుపడ్డాడు. నాకు చెప్పకుండా వచ్చి, నాకు చెప్పకుండా నేర్చుకున్నాడు. వెళ్ళిపోవాలన్న తొందర అంతలా ఉందన్నమాట.

పిలవలేదు. బిసాహూ వెనక ఇంటికి నడిచింది. దారిలో అతను చెప్పిన ఊసులకు ఊ కొట్టింది గాని ఒక్కటీ చెవికెక్కలేదు. ఆమె బుట్ట విప్పి సరుకు చూసుకుంటుండగా, వీధి మలుపులో కర్ర చప్పుడు వినిపించింది. సత్తిరాజు కర్ర మీద వాలి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఎక్కడికెళ్ళారు?"

"ఈ సివరిదాకా. ఇంట్లో తోచక." ఆయాసంగా మంచం మీద కూలబడ్డాడు. "బజారుకెళ్ళలేదేటి నువ్వు?"

"బండి తొందరగా వచ్చింది."

ఇద్దరి మధ్యా బుట్ట ఉంది. ఆమె పైనున్న చింతపండును వేళ్ళతో కలియబెట్టింది. మంచి సరుకు దాచి, చచ్చు సరుకు పైన పేర్చే వ్యాపారులను చూసింది. మంచిది దాచేవాడు దేనికోసమో కాచుకుని ఉంటాడు. చచ్చుది పైన పెట్టి మంచిది దాచుకున్న ఈ మనిషి దేనికోసం కాచుకున్నాడో ఆమెకు అందలేదు.

ఆదివారం పొద్దున మంచు పడుతుండగా సత్తిరాజు పెరట్లోకి వచ్చాడు. కర్రను గోడకు ఆనించి, ఎప్పటిలాగే రెండు చేతులూ చాచాడు. ఆమె ఇచ్చింది. అతను అడుగు వేశాడు, ఆమె వెనక్కి వేసింది.

"కాలవుంది. ఎడమకి రా," అన్నాడు.

కాలవ దాటిన తరవాత అతను తూలాడు. భుజం వాలింది, పట్టు బిగిసింది, బరువు ఆమె మీదికి వచ్చింది. అంతా ఎప్పటిలాగే ఉంది. ఆమె అతని మొహం చూడకుండా కిందికి చూసింది.

ఎడమ పాదం వేళ్ళు తడి మట్టి మీద చక్కగా పరుచుకుని ఉన్నాయి. నిద్రపోతున్న పసిపిల్లల్లాగ, ఒక్కటి కూడా ముడుచుకోలేదు.

మళ్ళీ నడిచారు. మళ్ళీ తూలాడు. మళ్ళీ వేళ్ళు కదలలేదు. ఒకవేళ తల ఎత్తితే అతను తన కళ్ళల్లో చదివేస్తాడేమోనని, ఎత్తకుండా అతని చేతులను పట్టుకునే నిలబడింది.

"ఏటే, ఆగిపోనావు?"

"ఏటీ లేదు. కాలిలో ముల్లు."

"సూడనీ."

"పోయిందిలెండి. నడవండి."

గోడ మీద సూరమ్మ తల లేచింది. "ఇయ్యాల మరీ ఎక్కువ తూలతన్నాడేటే? రేపెలాగ?"

"అదే నాకూ దిగులుగా ఉంది వొదినా," అంది గంగాభవాని. బేరంలో వాడే గొంతుతోనే అంది.

ఆ రోజంతా పని చేస్తూనే ఉంది గాని ఏం చేసిందో తెలియలేదు. తన చెయ్యి పట్టుకోవడం కోసమే తూలుతున్నాడు. అంతవరకూ లెక్క తేలింది. రేపటి లెక్క మాత్రం వేరు. రేపు డాక్టరు ముందు తూలవలసిన పని లేదు. ఆ పాత ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు నిలబడితే, బ్రేకువ్యాను తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు ఈ చేతులు టిట్లాగఢ్‌లో గార్డులు పడుకునే రన్నింగ్ రూములో ఉంటాయి. ఇన్నాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నది, దొరికిన మర్నాడే చెయ్యి జారిపోతుంది. అతనికి అన్నం పెడుతూ, రేపు వెళ్ళొద్దని నోటిదాకా వచ్చింది. గార్డును చేసుకున్నదానివి బండిని వద్దంటావా అని తనను తానే గదమాయించుకుని, మజ్జిగ పోసింది.

సోమవారం డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఆ గదికి సగం తలుపే ఉంది, మోకాళ్ళ నుంచి భుజాల దాకా. కింద నుంచి సిమెంటు నేలా, దాని మీద సుద్దగీతా, బూట్లూ కనిపిస్తున్నాయి. సత్తిరాజు పాదాలు వట్టివి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది.

పాదాలు గీత మీద నడిచాయి. మడమకు వేలు, వేలికి మడమ. గీత చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాయి. లోపల డాక్టరు "షాబాష్" అన్నాడు. గంగాభవాని పమిట చెంగు బిగించుకుంది. పోయింది, అనుకుంది. సంతోషించాల్సిన వేళ అలా అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

"అబ్ ఆంఖే బంద్ కరో." ఇక కళ్ళు మూసుకోమన్నాడు.

పాదాలు దగ్గరికి వచ్చి జోడీగా నిలిచాయి. బూట్లు కాస్త దూరం జరిగాయి. గదిలో చప్పుడు లేదు. ఎక్కడో ఇంజను ఆవిరి వదిలింది. వేళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. ఆమె మనసులో అంకెలు లెక్కపెట్టింది. వేళ్ళు ఇంకా ప్రశాంతంగానే ఉన్నాయి. ఇక చాలు అని డాక్టరు అనబోతున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

అప్పుడు ఎడమ పాదం, ఒక్క వేలైనా ముడవకుండా, తీరిగ్గా పైకి లేచి పక్కకు పడింది.

కుర్చీ కిర్రుమంది. "సంభల్ కే!" అన్నాడు డాక్టరు. బూట్లు పరిగెత్తుకొచ్చాయి. "ఫిర్ సే." మళ్ళీ జోడించిన పాదాలు. మళ్ళీ అదే. నేలను పట్టుకోవడానికి వేళ్ళు ఏ ప్రయత్నమూ చెయ్యలేదు. పాదం కావాలని, నెమ్మదిగా, గీత మీది నుంచి దిగిపోయింది.

లోపలి మాటలు ఆమెకు సగమే వినిపించాయి. నడక బాగుంది గాని కదిలే బండిలో ఇది కుదరదని డాక్టరు అన్నాడు. పార్సిలాఫీసు అన్నాడు. విచారించవద్దు, కూర్చుని చేసే పని అని కూడా అన్నాడు. సత్తిరాజు "జీ సాబ్" అన్నాడు. అతను బయటికి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"తూలిపోయిందే," అన్నాడు.

"మరే," అంది.

అక్కడి నుంచి స్టేషనుకు వెళ్ళాలి. గార్డుకిచ్చిన లైను పెట్టె తిరిగి అప్పజెప్పాలి. గుమస్తా దాన్ని మూల నుంచి లాగి మూత తీశాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి దీపం, పొగమంచులో పట్టాల మీద పేల్చే టపాకాయల డబ్బా. మూత మీద తెల్ల రంగుతో సత్తిరాజు పేరు ఉంది. గుమస్తా సరి చూసుకున్నంతసేపూ అతను ఆ అక్షరాల మీద బొటనవేలు రాస్తూ నిలబడ్డాడు, దుమ్ము తుడుస్తున్నట్టు. పచ్చ జెండాను కర్రకు మళ్ళీ గట్టిగా చుట్టి, తనే పెట్టెలో పెట్టాడు. మూత వేసిన తరవాత ఆ చెయ్యి దాని మీది నుంచి రావడానికి కాస్త సేపు పట్టింది.

గంగాభవాని ఆ చేతిని చూస్తూ నిలబడింది. బేరంలో ఆమెకు కావలసింది దక్కింది. దాని ఖరీదు ఇచ్చినవాడు నోరెత్తలేదు. తనకు దక్కిన దానికి ఖరీదు ఇంకొకరు ఇవ్వడం ఆమెకు ఇంతవరకూ ఎరుకలో లేదు.

వీధిలోకి రాగానే సూరమ్మ పరిగెత్తుకొచ్చింది. సంగతి విని గుండెలు బాదుకుంది.

"పార్సిలాఫీసా! అయ్యో బాబూ! ఇనుపబండి లాంటి మనిషివి, మూటలు లెక్కెట్టుకుంటా కూకుంటావా! పావురం కూర ఎట్టమంటే ఇన్నారు కారు గదా!"

ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేరి ఓదార్చారు. గంగాభవాని కళ్ళకు పమిట అద్దుకుంది. మంచి బేరం దొరికినవాడు సంతలో నవ్వడు. ఇంట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టాక కూడా ఆమెకు నవ్వు రాలేదు. పొయ్యి రాజేసి, అతనికిష్టమని ఎండుచేపల పులుసు పెట్టింది. అతను మారు వడ్డించుకుని తిన్నాడు.

మంగళవారం పొద్దున ఆమెకు తెల్లవారకముందే మెలకువ వచ్చింది. లేచి పెరడు ఊడ్చింది. ఇంక ఊడ్చే పని లేకపోయినా చీపురు పట్టుకుని నిలబడింది. పరీక్ష అయిపోయింది. నిలబెట్టవలసిన కారణం కూడా దానితోనే అయిపోయింది.

వెనక తలుపు చప్పుడైంది. సత్తిరాజు పార్సిలాఫీసుకు వేసుకోవలసిన చొక్కా తొడుక్కుని బయటికి వచ్చాడు. చేతిలో కర్ర లేదు. మెట్టు దిగి, తిన్నగా, ఒక్కసారి కూడా తడుముకోకుండా ఆమె ముందుకు నడిచి వచ్చాడు. వచ్చి రెండు చేతులూ చాచాడు.

గంగాభవాని చీపురు గోడకు ఆనించి, చేతులు పమిటకు తుడుచుకుని ఇచ్చింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

గోడ మీద సూరమ్మ తల లేచింది. "డాక్టరు సూసీసినాడు, తీరుపు సెప్పీసినాడు. ఇంకా ఎన్నాళ్ళే గంగొదినా ఈ నడక?"

"సెప్పలేం వొదినా," అంది గంగాభవాని వెనక్కి నడుస్తూనే. "ఏళ్ళు పట్టొచ్చు."